మా ఊరి కాలువలో కూర్చున్న క్రూయిజ్ బోటు

నీళ్లు లేక నేలమీద కూర్చున్న క్రూయిజ్ బోటును మీరెప్పుడైనా చూశారా? మండపేట దగ్గర మా ఊరికి ఆ భాగ్యం నావల్లే కలిగింది. ఆ ఘనకార్యం చెబుతాను, వినండి. నవ్వుకున్నా నేనేమీ అనుకోను.

అప్పుడు రాజమండ్రిలో ఒక టూరిస్టు బోట్ల కంపెనీలో కొత్తగా చేరాను. నా పైఅధికారి రాజ్యలక్ష్మి గారు టెక్నికల్ ప్రాజెక్ట్ ప్లానర్. సముద్రాల మీద తిరిగే పెద్ద క్రూయిజ్ షిప్పుల్లో పనిచేసి వచ్చిన మనిషి. బోటును రిపేరుకు ఆపితే ఏ పని ముందు, ఏది తర్వాత, ఎవరెప్పుడు రావాలి అన్నీ ఆవిడే చూస్తారు. ఆవిడ ప్లాన్ వేస్తే వెల్డర్ మెట్లు దిగుతుండగానే పెయింటర్ ఎదురొచ్చేవాడు.

ఆ వేసవి ప్లాన్ ఇది. వేసవికి నీళ్లాపి కాలువలు కట్టేసేలోగా మా క్రూయిజ్ బోటు కాలువ దారిన సముద్రం వైపున్న యార్డుకు చేరాలి. అక్కడ అడుగుభాగం బాగుచేయించి, నీళ్లు వదలగానే తిరిగొచ్చి ఒక పెళ్లివారిని ఎక్కించుకోవాలి. అడుగు పని కాకపోతే పర్మిట్ రాదు, పెళ్లివారూ రారు. బోటును యార్డుకు చేర్చే పని నాకప్పగించారు.

దారిలో మా ఊరుంది. నేనెంతటివాణ్ణో మావాళ్లకు తెలియొద్దూ? మేడంకు మాటమాత్రమైనా చెప్పకుండా మా రేవులో కట్టించేశాను. బోటు నడిపే సరంగు గారు గొణిగితే మా అమ్మ చేతి రొయ్యల వేపుడు పెట్టించాను. ఊరంతా సెల్ఫీలు దిగింది. మా పెద్దత్తయితే ప్రతి గదిలోనూ మంచమెక్కి కూర్చుని మరీ చూసింది.

ఒకరోజు పొద్దున్నే చూస్తే రేవులో మెట్లు ఎక్కువ కనిపించాయి.

"నీళ్లు తగ్గాయేంటి నాన్నా?"

"కాలవ కట్టేశారు కదరా."

"మరి ముందే చెప్పొచ్చు కదా?"

"నువ్వు ప్లానింగులో ఉన్నావు కదా, తెలిసే ఆపావనుకున్నాం."

రైతు కొడుకునండీ నేను. ఏటా వేసవిలో ఇదే కాలువ ఎండితే అందులో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి.

"మేడం, బోటు మా ఊళ్లో ఉందండి" అన్నాను ఫోన్లో.

"అక్కడే ఉండండి సూరిబాబు గారూ."

రోజూ సూరిబాబూ అని పిలిచే ఆవిడ 'గారు' చేర్చేసరికి ఉద్యోగం పోయినట్టేననుకున్నాను.

ఆవిడ వచ్చి నావైపైనా చూడకుండా మా నాన్ననడిగారు. "ఇంకా ఎంత లోతుందండి?"

"నడుం లోతుందండి. రేపటికి పోద్ది."

"అయితే ఇవాళంతా ఉందన్నమాట" అన్నారావిడ.

బోటును అక్కడే ఉంచడానికి కాలువ అధికారులతో మాట్లాడి ఒప్పించారు. కలప మిల్లుల దగ్గర్నుంచి దుంగలు తెప్పించారు. బోటు ఇంకా తేలుతుండగానే దుంగలు మునిగేలా వాటికి ఇసుక బస్తాలు కట్టి దాని కిందికి దింపించారు. మర్నాడు నీళ్లు పోయాయి. బోటు దుంగల మీద పీటమీది పెళ్లికొడుకులా కూర్చుంది. అడుగుభాగమంతా కళ్లెదుట ఉంది.

"మనం యార్డుకు వెళ్లలేకపోతే యార్డువాళ్లే వస్తారు" అన్నారు. వ్యాన్లలో వచ్చారు కూడా. ఒకరి వెనక ఒకరు, ఒక్కరూ ఖాళీగా కూర్చోకుండా పని చేశారు. ఆవిడకు అక్కడే చేతులెత్తి మొక్కాలనిపించింది.

నీళ్లు వదిలారు. బోటు తేలింది, పర్మిట్ వచ్చింది, పెళ్లివారు ఎక్కారు. ఓనరు గారు తెగ సంబరపడిపోయారు.

"కాలవలోనే పని చేయించాలన్న ఆలోచన ఎవరిదండి?"

"స్థలం ఎంపిక సూరిబాబు గారిదండి" అన్నారు మేడం, నవ్వకుండా.

"అయితే వచ్చే వేసవికి మిగతా బోట్లు కూడా ఈయనకే అప్పగించండి" అంటూ ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

అందుచేత గోదావరి తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గొప్పకు పోయి మా ఊళ్లో ఇక ఏ బోటునూ ఆపను. ఆపమని ఓనరు గారే బతిమాలుతున్నా సరే.