ఎరుపు లేని రక్తనాళం

మా బావకి ఎరుపు పడదు. పామంటేనో బల్లంటేనో హడలిపోయేవాళ్ళను చూశాను గానీ, ఒక రంగు మీద పగబట్టిన మనిషిని నా పాతికేళ్ళ పత్రికా ఉద్యోగంలో మరొకర్ని చూడలేదు.

గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఎక్కడైనా ఉబ్బితే, లోపలి రక్తం దాని గోడను ఎంత నెడుతోందో, గోడ తిరిగి రక్తాన్ని ఎంత నెడుతోందో బావ కంప్యూటర్ మీద లెక్కగడతాడు. గోడను లక్షల ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ "నీ మీద ఎంత భారముంది?" అని అడగడం లాంటి పని అది. చివర్లో కంప్యూటర్ బొమ్మ గీసి, భారం ఎక్కువున్నచోట ఎరుపు పూస్తుంది. బావ ఆ ఎరుపు తీసేసి, బూడిద కలిపినట్టుండే ఆకుపచ్చ పూస్తాడు.

ఇంట్లోనూ అదే ధోరణి. థర్మామీటరు మీది ఎర్రగీతను బ్లేడుతో గీకేశాడు.

"నాకు జ్వరముందా లేదా?" అని అక్క మూలిగింది.

"నూటొకటి."

"అంటే ఎక్కువేగా?"

"నూటొకటి. మాత్ర వేసుకో."

విద్యార్థుల థీసిస్‌లు ఆకుపచ్చ పెన్నుతో దిద్దేవాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియక ఒకడు తన తప్పుల పేజీకి ఫ్రేము కట్టించుకున్నాడు.

బావ పని గురించి మా పత్రికకు పూర్తిపేజీ వ్యాసం రాశాను. ఆయన ఇచ్చిన బొమ్మ చూసి మా ఎడిటర్ ముఖం చిట్లించాడు. "ఇదేంటయ్యా, వడిలిన దోసకాయలా ఉంది! రక్తమన్నాక ఎర్రగా ఉండొద్దూ?" నిజమే అనిపించింది. బావకి తెలియకుండా ఆయన శిష్యురాలిని బతిమాలి ఎర్రబొమ్మ చేయించాను. పేజీ ఆరింటికి అచ్చుకెళ్తుంది. ఐదింటికి, వివరాలు సరిచూసుకునే మిషతో, ఏమీ ఎరగనట్టు కాలేజీలోని బావ గదిలో టీ తాగుతున్నాను.

అప్పుడే, ఆస్పత్రివాళ్ళు పంపితే, ఒక పెద్దావిడ వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. "నీ వ్యాసంలో బొమ్మ ఈవిడదేరా. పేరు లేకుండా వేసుకోమన్నారు," అన్నాడు బావ. నేను టీకప్పు బల్ల మీద పెట్టేశాను.

రెండేళ్ళ కిందట ఇంకెక్కడో ఎవరో ఆవిడకి ఎర్రబొమ్మ చూపించారట. "ఆపరేషన్ అక్కర్లేదు, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలని డాక్టరుగారు చెప్తూనే ఉన్నారు బాబూ. మనసు వింటేగా! కళ్ళు మూస్తే ఆ ఎరుపే. మిషను తొక్కి రెండేళ్ళయింది. మనవరాల్ని ఎత్తుకోను. తుమ్మాలన్నా భయమే."

"కంప్యూటరుకి మంచీచెడ్డా తెలీదమ్మా," అన్నాడు బావ. "ఉన్నవాటిలో ఏది ఎక్కువైతే దానికి ఎరుపు పూస్తుంది. అందరూ బుద్ధిమంతులే ఉన్న తరగతిలో కూడా ఒకణ్ణి బెంచీ ఎక్కించే మాస్టారు లాంటిది. మీ గోడ పది పాళ్ళు మోయగలిగితే, ఇప్పుడు మోస్తున్నది మూడు." తన బొమ్మ తీసి ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. "దోసకాయలా ఉంది."

"దోసకాయేనమ్మా," అన్నాడు బావ గంభీరంగా.

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ ఊపులో తుమ్మింది కూడా. ఏమీ కాలేదు.

నేను వరండాలోకి పరిగెత్తి ఎడిటర్‌కి ఫోన్ చేశాను. అప్పటికి ఐదూ నలభై. ఆయన తిట్టినవి అచ్చు వేయదగ్గవి కావు. మర్నాడు పేజీ నిండా దోసకాయే.

నెల తర్వాత బావ మా ఇంటికొచ్చాడు, మందారపువ్వులాంటి చొక్కా వేసుకుని. చొక్కా కుడిచెయ్యి బెత్తెడు పొడుగుంది.

"బావా, అది ఎరుపు!"

"ఆవిడ కుట్టింది. మిషను తొక్కుతోందిరా," అంటూ బావ ఆ పొడుగు చెయ్యి జాగ్రత్తగా మడత పెట్టుకున్నాడు.