ఐసుబాబాయ్ మొదటి గుటక

బీరు చల్లబెట్టడమంటే సీసాని ఫ్రిజ్జులో పడేసి తలుపు మూసేయడమే అనుకునేవాళ్ళని చూస్తే ఐసుబాబాయ్‌కి ఒళ్ళు మండేది. ఫ్రిజ్జు తీరిగ్గా చేసే పనిని బారు కౌంటరు వెనకున్న ఆయన రేకు తొట్టి చిటికెలో చేసేది. తొట్టినిండా ఐసు ముక్కలు, అవి మునిగేలా నీళ్ళు, ఆ నీళ్ళలో ఓ దోసెడు రాళ్ళ ఉప్పు. ఉత్త ఐసులో పెడితే సీసాకి అక్కడో ముక్క ఇక్కడో ముక్క తగులుతుంది. నీళ్ళైతే చుట్టూ కావలించుకుంటాయి. ఉప్పు పడితే ఆ నీళ్ళకి ఐసుని మించిన చలి పుడుతుంది. సీసాని మెడ పట్టుకుని మెల్లగా తిప్పుతూ ఉంటే రేడియోలో ఓ పాట అయ్యేలోపు పనైపోతుంది. తొట్టిలో వదిలేసి కబుర్లలో పడ్డారా, లోపల గడ్డకట్టి సీసా పగులుతుంది. ఆయనకి కబుర్లంటే ఇష్టమేగానీ, సీసా చేతిలో ఉండగా కాదు.

మరీ చల్లబడనివ్వకపోవడం అసలు పని. సీసాకి ముందు పొగమంచు పడుతుంది, తర్వాత చెమట పడుతుంది. ఆ చెమట బొట్లు కారడం మొదలెట్టగానే బయటికి తీసేయాలి. బొట్లు తెల్లబడ్డాయంటే దాటిపోయినట్టే. "నాలుక మొద్దుబారాక బీరైతే ఏం, కుళాయి నీళ్ళైతే ఏం?" అని వాదించి, గడ్డకట్టినంత కావాలని పేచీ పెట్టేవాళ్ళ నోళ్ళు మూయించేవాడు.

ఇన్ని చెప్పే మనిషి జన్మలో బీరు రుచి చూడలేదు. నవ్వొస్తుంది గానీ నిజం. అక్క ఆ బారు యజమానిని పెళ్ళి చేసుకుంది. తమ్ముడు అక్కడే పనికి కుదిరిన రోజున పక్కకి పిలిచి, "మీ బావ ఎలాగూ ఆ సీసాల మధ్యే బతుకుతాడు. ఇంట్లో ఒక్క మగాడైనా తిన్నగా నడిచి రావాలిరా" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. నల్లజుట్టు నాటి మాట అది. ఇప్పుడు తలంతా నెరిసింది, మాట మాత్రం చెక్కుచెదరలేదు.

అందుకే ఆయన రుచిని ఎదుటివాళ్ళ మొహాల్లో చూసుకునేవాడు. మొదటి గుటకకి కళ్ళు మూసుకున్నారా, సరిగ్గా కుదిరింది. భుజాలు పైకి లేచాయా, చలి ఎక్కువైంది. మూతి తుడుచుకుని గ్లాసు వంక అనుమానంగా చూశారా, ఇక ఆ పూటంతా ఆయనకి అన్నం సయించేది కాదు.

ఈ ఎండాకాలం బావకి కొత్త ఆలోచన పుట్టింది. "రోజులు మారాయిరా. ఇప్పుడందరికీ పళ్ళు జివ్వుమనాలి. ఉప్పు ఇంకో దోసెడు దట్టించు. గ్లాసులు కూడా ఫ్రీజర్లో పెట్టు."

"రుచి చచ్చిపోతుంది బావా."

"తాగని వాడివి, రుచి గురించి నువ్వు నాకు చెబుతావా?" అని బావ వీపు చరిచి నవ్వాడు.

బావాబావమరుదుల మధ్య అలాంటి దెప్పిపొడుపులు మామూలే. ఆయనా నవ్వేశాడు. నవ్వి ఊరుకున్నాడా, ఆ పనీ తానే దిట్టంగా నేర్చుకున్నాడు. గడ్డకట్టడానికి వెంట్రుకవాసి ముందు సీసాని పైకి లాగడం మామూలు విద్య కాదు. బుద్ధిమంతుడు, ఎందుకని మాత్రం మళ్ళీ అడగలేదు. బావ మీద నమ్మకం అలాంటిది.

రోజూ సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చే టైలరు ఉన్నాడు. మిగతావాళ్ళు గటగటా దించేస్తే, ఈయన ఒక్క గ్లాసుని లోకాభిరామాయణమంతా అయ్యేదాకా సాగదీస్తాడు. ఆ రోజు సగం తాగి గ్లాసుని కౌంటరు మీదికి తోశాడు.

"బాబాయ్, కాస్త వాసన చూడు."

చూశాడు. తడిసి మూల పడేసిన అట్టపెట్టె వాసన. "సీసా ఏదో పాడైనట్టుంది, ఇంకోటి తీస్తానుండు" అని ఇంకోటి తీశాడు. పోసిన వెంటనే ఏ వాసనా లేదు. ఇద్దరూ ఆ గ్లాసుకేసి చూస్తూ కూర్చున్నారు. చలి దిగేకొద్దీ అదే అట్టపెట్టె వాసన పైకి లేచింది.

"చాలా రోజులుగా ఇంతే బాబాయ్" అన్నాడు టైలరు. "నీ చేత్తో ఇచ్చావు కదా అని నా నోటినే అనుమానించుకున్నా. కొత్తగా మాత్రలు వాడుతున్నా, వాటి వల్లేమో అనుకున్నా."

"నాకు తెలీదయ్యా. ఒట్టు."

"చల్లబెట్టేది నువ్వేగా?" అని లేచి, గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అరిచినా బాగుండేది. ఐసుబాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది.

వెనక పెరట్లో రేకుల కింద పెట్టెలు బారుగా పేర్చి ఉన్నాయి. వాటిలోని సీసాల లేబుళ్ళు ఎండ తగిలిన వైపు వెలిసిపోయి ఉన్నాయి. పక్కనే వంటగది గుమ్మంలో అక్క పల్లీలు ఒలుస్తోంది. బావ కుర్చీలో కూర్చుని విసురుకుంటున్నాడు.

"ఈ సరుకు ఎక్కడిది బావా?"

బావ తేలిగ్గా నవ్వేశాడు. "మూతబడ్డ కొట్టువాడు వదిలించుకుంటుంటే తెచ్చా. ఎండలో ఉండి కాస్త వాసనొచ్చింది, విషమేం కాదు. చలిలో ఎవడికి తెలుస్తుంది? నీ చెయ్యి ఉండగా నాకేం భయంరా!"

అది మెచ్చుకోలుగానే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఇన్నేళ్ళుగా పేరు సంపాదించుకున్న చేతిని, తనకి తెలియకుండానే, కుళ్ళు మీద దుప్పటిలా కప్పాడు బావ. ఇప్పుడు అక్క బావని దులిపేస్తుంది, కడిగేస్తుంది అనుకుని అటు తిరిగాడు.

అక్క తలెత్తలేదు. "ఈ సరుకొక్కటి అయిపోతే మళ్ళీ మామూలేరా. అరవకు, ముందర జనం ఉన్నారు."

"నీకూ తెలుసా అక్కా?"

"నువ్వెలాగూ నోట పెట్టవుగా. నీకు తెలిసే దారే లేదనుకున్నాం. నీకెందుకులే బాధ అని..."

ఆయన లోపలికి వెళ్ళి, టైలరు వదిలేసిన గ్లాసు తెచ్చి, అక్క ముందు నిలబడి ఒక్క గుటక తాగాడు. అక్క చేతిలోని పల్లీలు కింద పడ్డాయి. "ఒరేయ్, నాకు మాటిచ్చావురా!"

"ఇచ్చాను. నువ్వు దాన్ని దేనికి వాడుకున్నావో చూసుకో." మూతి తుడుచుకున్నాడు. నోరంతా చేదుగా, పాతగా ఉంది. "మంచిది ఎలా ఉంటుందో నాకు తెలీదక్కా. ఊరంతటికీ అందించాను, నేనెరగను. నాకు దక్కిన మొదటి గుటక ఇదీ."

"చిన్నదాన్ని పెద్దది చేయకురా" అని బావ వెనకే వచ్చాడు. ఐసుబాబాయ్ కౌంటరు వెనక్కి వెళ్ళి, వంగి తొట్టి బిరడా లాగేశాడు. ఉప్పునీళ్ళు బుడబుడమంటూ కాలువలోకి పోయాయి. తర్వాత కౌంటరు దాటి ఇవతలికొచ్చి, తాగేవాళ్ళ మధ్య మొదటిసారి ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బాబూ, ఆ గ్లాసులు కాసేపు అలా కింద పెట్టండి" అన్నాడు. "చలి దిగాక తాగండి."

ఆయన మాట మీద గురి ఉన్నవాళ్ళు. ఒక్కొక్కరే గ్లాసులు దించారు. గుమ్మంలో బావ, అతని వెనక అక్క నిలబడిపోయారు. గ్లాసులకి చెమటలు పడుతున్నాయి. ఐసుబాబాయ్ చేతులు తుడుచుకుని, వాళ్ళందరితో పాటు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.