పెద్దమ్మ చేతి కొలత

మొన్న మహబూబాబాద్‌లో మా ఆవిడ బగారా మసాలా తెమ్మంటే కిరాణా దుకాణానికి వెళ్లాను. అదే ఎర్ర కవరు, దాని మీద అదే పొగలు కక్కే గిన్నె బొమ్మ. చేతిలోకి తీసుకుంటే మాత్రం అందులో మసాలాకన్నా గాలే ఎక్కువ ఉన్నట్టనిపించింది. బరువెంతో చూద్దామని తిప్పాను. ఆ సంగతిని కంపెనీవాళ్లు కవరు అతుకు పక్కన, చీమలు చదువుకోవడానికి వీలుగా అచ్చు వేయించారు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను. కవరును దూరంగా, దగ్గరగా పెట్టి చూస్తుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. జనగామలో పెళ్లిళ్లకు వంట చేసేది. వండుతూ ఎన్నడూ రుచి చూసేది కాదు. దేవుడి ముందు పెట్టకముందే నాలుక తగిలితే వంటంతా ఎంగిలైపోతుందని ఆమె పట్టింపు. కాబట్టి కొలతే ఆమెకు నాలుక. బియ్యం తట్టతో, నూనె గరిటెతో, మసాలా ప్యాకెట్‌తో కొలిచేది. తట్ట బియ్యానికి ప్యాకెట్ మసాలా. పెళ్లికొడుకు నచ్చలేదన్నవాళ్లున్నారు గానీ ఆమె బగారా అన్నం నచ్చలేదన్నవాళ్లు లేరు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామలో రోడ్డు మీద వంటావార్పు పెట్టాం. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, రోడ్డు మధ్యలో పొయ్యిలు వెలిగాయి. పెద్దమ్మ కొంగు బిగించి బగారా వండింది. మొదటి విస్తరి అమరుల ఫోటో ముందు పెట్టాలి కనుక ఆ రోజు రుచి చూసే ప్రసక్తే లేదు. విస్తరి పెట్టి, కళ్లు తుడుచుకుని వడ్డన మొదలుపెట్టింది. రెండు ముద్దలు తినగానే పంక్తిలోంచి ఒకాయన గొంతెత్తాడు.

“అక్కా, గిది బగారానా, పత్తెపు బువ్వనా? మసాలా ఇంటికి పోయిందా ఏంది?”

అందరూ నవ్వారు. ఆ రోజుల్లో నవ్వడానికి పెద్దగా ఏమీ దొరికేది కాదు, అందుకని దొరికినదాన్ని బాగా సాగదీశారు. పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అది దుకాణాలవాళ్లు చందాగా ఇచ్చిన సరుకు. అందులో చేయి పెట్టిందన్న మాట పడితే ఆమెను ఇక ఏ పెళ్లివారు పిలుస్తారు?

నేను ఎకనామిక్స్‌లో డిగ్రీ చేసినవాణ్ని. ఆ చదువు పనికొచ్చే సందర్భం అదొక్కటే వచ్చింది. పొయ్యి పక్కన పడేసిన ఖాళీ ప్యాకెట్ తీసి చదివాను. వంద గ్రాములుండేది డెబ్బయి అయింది. ధర మాత్రం ఒక్క పైసా పెంచలేదు, పాపం. ఆ మసాలా చందా ఇచ్చి, పంక్తిలోనే కూర్చుని తింటున్న దుకాణం సేటుకు చూపించాను.

“సీల్ ప్యాకెట్ తమ్మీ. నేనేమన్న లోపట దూరి తీసిన్నా?” అన్నాడు. అదీ నిజమే. ఇంకొంచెం పెట్టించుకున్నాడు కూడా.

పంక్తిలోవాళ్లకు చెబుదామని లేచాను. మైకులో “మా వాటా మాకు కావాలె” అని నినాదం అందుకున్నారు. మా వాటాలో ముప్పై గ్రాములు అప్పుడే పోయాయని నేనన్నది నాకే వినపడలేదు.

చివరికి పెద్దమ్మకే చెప్పాను. “నీ తప్పు కాదు పెద్దమ్మా, లోపట సరుకే తగ్గించిండ్రు.”

ఆమె కవరును అటూ ఇటూ తిప్పి చూసింది. “కవరు గదే, బొమ్మ గదే, పైసలు గవే. తక్కువైంది నా చెయ్యే బిడ్డా. జర ఊకో.”

రాష్ట్రం వచ్చిన రోజు మళ్లీ బగారా వండారు. పెద్దమ్మను పిలిచారు, వచ్చింది. గరిటె ఇంకొకరికిచ్చి, ఓ మూల కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు, నేను చెబితే ఎవరూ వినలేదు. తన చెయ్యే తగ్గిందనుకుంటూ కొన్నాళ్లకు పోయింది.

దుకాణంలో కుర్రవాణ్ని అడిగితే చదివిపెట్టేవాడే. అడగలేదు. రెండు ప్యాకెట్లు తీసుకుని ఇంటికొచ్చాను. కాలం కూడా ఎప్పుడు ఎంత తగ్గించిందో మనకు చెప్పదు. పైన అంతా అలాగే ఉంచుతుంది, మనం మన చేతినే అనుమానించుకుంటాం.