బాలింత ఆయాసం

బిర్సానగర్‌లో ఉమామహేశ్వరి చీరలకు ఫాల్స్ కుట్టేది. ఆమె చేతి కుట్టు పడకుండా ఆ వీధిలో ఏ పెళ్లిచీరా పెట్టెలోకి వెళ్లేది కాదు. భర్త పైడిబాబు ఆదిత్యపూర్‌లో ఓ చిన్న కార్ఖానాలో వెల్డరు. అత్త పద్మకుమారి పార్వతీపురం దగ్గర పల్లె నుంచి పెళ్లయి, హిందీ మాట్లాడే ఈ ఉక్కు కార్ఖానాల ఊరు టాటాకి వచ్చిన మనిషి. నలుగురు పిల్లల్ని ఇంట్లోనే కన్నది.

నెలలు నిండే వేళకి ఉమకు పాదాలు ఉబ్బాయి. మెట్లెక్కితే రొప్పు వచ్చేది. క్లినిక్‌లో బరువు తూచారు, బీపీ చూశారు, ఐరన్ మాత్రలిచ్చారు. ఆయాసం మాట ఎత్తితే, బిడ్డ పైకి నొక్కుతోంది, అంతేనన్నారు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టినవాళ్లు లేరు.

కాన్పు సుళువుగానే అయింది. ఆడపిల్ల. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ఉమకు దగ్గు మొదలైంది. పడుకోలేక గోడకు చేరగిలబడి కూర్చునే కునికేది.

"అత్తా, నడుం వాలిత్తే నీళ్లల్లో మునిగినట్టుంటంది."

"బాలింతకి ఆయాసం ఉండదేటే? నలుగుర్ని కన్నదాన్ని, నాకు తెల్దా? కాయం తిను. అదే సద్దుకుంటాది."

పద్మకుమారి మాటలో కల్మషం లేదు. తనే శొంఠీ మిరియాలతో కాయం నూరి ఉండలు చేసి నోట్లో పెట్టేది. నూనె వెచ్చబెట్టి కోడలి కాళ్లు రాసేది. వేలు నొక్కిన చోటల్లా గుంట పడి, అలాగే ఉండిపోయేది. నంజు నీరనుకుని ఉప్పు తగ్గించింది.

వీధి చివరి డాక్టరు ముందు దగ్గు మందిచ్చాడు. తగ్గకపోతే ఉబ్బసమన్నాడు. పైడిబాబు పీల్చే మందు తెచ్చి నోటి దగ్గర పెట్టాడు.

"గట్టిగా పీల్చవే."

బాధలో ఉమకు హిందీయే వచ్చేది, పుట్టి పెరిగింది ఇక్కడే కదా. "సాఁస్ హీ నహీ ఆ రహా!" అని ఏడ్చింది. రాని ఊపిరిని పీల్చడమెలా?

ఒక మధ్యాహ్నం పద్మకుమారి కాళ్ల మీద పిల్లను వేసుకుని నీళ్లు పోస్తోంది. పక్కన తువ్వాలు పట్టుకుని కూర్చున్న ఉమ అలాగే ఒరిగిపోయింది. పెదాలు నీలమయ్యాయి. పొరుగువాళ్లు ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చారు. కబురంది పైడిబాబు కార్ఖానా నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. వస్తూనే అడిగిన మొదటి మాట, "వెల్లకిలా పడుకోగలుగుతోందా?" అని. వెంటనే గుండెకు ఎకో స్కాన్ తీయించింది. గుండె కండరం సాగి బలం పోయిందని, కాన్పుకు ముందో తరవాతో కొందరికి ఇలా వస్తుందని హిందీలో చెప్పింది. ఇంత ఆలస్యంగా తెచ్చారేమని అడిగింది.

పైడిబాబు బయటికొచ్చాక తల్లితో అన్నాడు, "ఎక్కడికి తీసుకెళ్లలేదమ్మా? అన్నిచోట్లకీ తిప్పినాను కదా!"

మందులతో పాటు పాలు ఇంకిపోయే మాత్ర కూడా ఇచ్చారు. పిల్లకు సీసాపాలు అలవాటు చేశారు. కొందరికి గుండె మళ్లీ కోలుకుంటుందన్నారు. ఆర్నెల్లకు మళ్లీ ఎకో తీశారు. ఉమ గుండె కోలుకోలేదు. ఇంకో బిడ్డ వద్దు, బరువులెత్తొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

పిల్ల పేరు ప్రియ. ఒళ్లు చేసి బరువెక్కుతున్న కొద్దీ తల్లి చేతులకు దూరమైంది. పాకుతూ వచ్చి, చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి, రెండు చేతులూ చాచేది. ఉమ తల నిమిరి, "నానమ్మ కాడికెల్లు తల్లీ" అనేది. ప్రియ కొన్నాళ్లు ఏడ్చింది. తరవాత నేరుగా నానమ్మ దగ్గరికే వెళ్లడం నేర్చుకుంది.

"అది నన్నడగడం మానేసిందండి" అంది ఉమ ఒకనాడు, అన్నం తింటున్న భర్తతో. అతను సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మరుసటి ఏడు వానల్లో, పగటిపూట, గోడకానుకుని కూర్చునే ఉమ వెళ్లిపోయింది. నిద్రపోతోందనుకుని పద్మకుమారి పిల్లను గోల చెయ్యొద్దని కసిరింది కూడా.

ఆ చలికాలం అదే ఊళ్లో సీతారాండేరాలో కాపురముంటున్న పద్మకుమారి కూతురు యోగితకు నెల తప్పిందని తెలిసింది. ఆరో నెలలో పద్మకుమారి పట్టుబట్టి తనే క్లినిక్‌కు వెంట వెళ్లింది. నర్సు బీపీ చూసి పొమ్మంది. పద్మకుమారి కదల్లేదు. వచ్చీరాని హిందీలో, దీనికి గుండె ఫొటో తీయండమ్మా అని బతిమాలింది.

"తక్లీఫ్, ఇబ్బందేమైనా ఉందా?" అని నర్సు యోగితను అడిగింది.

"నహీ" అంది యోగిత సిగ్గుపడుతూ.

"మెట్ల మీద రెండు మాట్లు ఆగినావు కదే! సెప్పు!"

"సబ్ కో హోతా హై, అమ్మా. అందరికీ ఉండేదే. చలో నా."

బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. నర్సు తరవాతి పేరు పిలిచింది. పద్మకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడి, గుండె ఫొటో అని మళ్లీ అంది. యోగిత ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. పద్మకుమారి నడుస్తూ కూతురి ఊపిరి చప్పుడే వింటోంది. రోడ్డు మీది బళ్ల మోతలో అది సరిగ్గా వినపడలేదు.