సిరిసిల్లలో కువైట్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో, నన్ను జగిత్యాలలో నైపుణ్య శిక్షణ సమన్వయకర్తగా వేశారు. కోరుట్ల, సిరిసిల్ల కూడా నా పరిధిలోకే వచ్చేవి. వృత్తి విద్యకు మంజూరైన నిధులను శిక్షణ కేంద్రాలకు చేర్చడం, ఆ డబ్బు ఫలితమిచ్చిందో లేదో చూసి పైకి నివేదించడం నా పని. ఆ ఏడే మొదటిసారి ఖైదీలకు కూడా శిక్షణ ఇప్పించే అవకాశం వచ్చింది. విడుదలకు దగ్గరపడినవాళ్లను ఎంపిక చేయాలి. వాళ్లకు ఏ పని నేర్పాలో నేను ప్రతిపాదించాలి. తర్వాత కొన్నేళ్లకు, సర్వీసు ఇంకా ఉండగానే, స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకున్నాను. ఆ శిక్షణ గురించి అప్పట్లో నేను రాసిన ఒక వాక్యాన్ని ఇక్కడ సరిదిద్దాలి.

ఇలాంటి పథకాల్లో నిధులు విడతలుగా వస్తాయి. అభ్యర్థులు చేరినప్పుడు మొదటిది, పరీక్ష పాసైనప్పుడు రెండోది, ఉద్యోగంలో కుదిరి జీతం స్లిప్పులు చూపినప్పుడు చివరిది. ఆ చివరి విడతను బట్టే మా పనితనాన్ని తూచేవారు. విదేశీ ఉద్యోగమైతే మరింత గొప్ప. కోరుట్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు అరుదు. ఇక్కడ ఎవరైనా వెల్డింగ్ నేర్చుకున్నాడంటే పాస్‌పోర్టు తీశావా అని అడుగుతారు. నేనూ ఈ ప్రాంతం మనిషినే, అలాగే ఆలోచించాను. వెల్డింగే ప్రతిపాదించాను.

జైలులోకి గ్యాస్ సిలిండర్లు రానివ్వరు కనుక కరెంటుతో చేసే ఆర్క్ వెల్డింగ్ మాత్రమే నేర్పాం. సాయంత్రం సుత్తి దగ్గర్నుంచి కాలిన రాడ్డు ముక్కల దాకా అన్నీ లెక్కచూసి తిరిగి అప్పగించాకే బ్యాచ్ బ్యారక్‌కు వెళ్లేది.

ఆ బ్యాచ్‌లో అందరికన్నా ముందున్నవాడు గంగరాజం. ఇది అసలు పేరు కాదు. కోరుట్ల దగ్గరి పల్లెలో కౌలు రైతు. ఊరికి దూరంగా, వేరే జిల్లాలో కౌలుకు తీసుకున్న పొలం గెట్టు కాడ జరిగిన కొట్లాటలో ఇతని దెబ్బకు ఒకరు చనిపోయారు, శిక్ష పడింది. నిలువు ప్లేటు మీద వెల్డింగ్ చేస్తే కరిగిన లోహం కిందికి జారుతుంది. అక్కడే కొత్తవాళ్ల చెయ్యి తడబడుతుంది. గంగరాజం వేసిన అతుకు పైనుంచి కింది దాకా ఒకే వెడల్పుతో ఉండేది.

ఎంపిక రోజున, ఈ శిక్షణ కోసం ఇంత పట్టుదల ఎందుకని అడిగాను. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఊర్ల మా ఇంటోళ్లు నేను కువైట్ల ఉన్ననని చెప్పిండ్రు సార్. బిడ్డకు సుత గదే తెలుసు. ఒక్కపారన్న నిజంగ పోయస్తె గా మాట అబద్ధం గాకుంట ఉంటది."

జైలుకు పోయిన మనిషిని గల్ఫ్‌కు పోయాడని చెప్పుకోవడం మా వైపు కొత్త కాదు. రెండు చోట్లకు పోయినవాళ్లూ ఏళ్ల తరబడి కనబడరు మరి. అతని కోరిక, నా చివరి విడత ఒకే దారిలో కలిశాయని అప్పుడు సంతోషించాను.

శిక్షణ నడుస్తుండగా జైలు అధికారి ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "కువైట్ వీసాకు పోలీసు క్లియరెన్స్ అడుగుతరు గద సార్. శిక్ష పడ్డోళ్లకు గది ఎట్ల వస్తది? కనుక్కున్నరా?" అన్నారు. నేర చరిత్ర ఏమీ లేదని పోలీసులు ఇచ్చే ధ్రువపత్రం అది. కనుక్కుంటానన్నాను. కోరుట్లలో గల్ఫ్ వీసాలు చూసే ఏజెంటుకు ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. చేయలేదు. జవాబు ఏమై ఉంటుందో అనుమానం ఉండబట్టే చేయలేదు.

ఆ రోజుల్లోనే సిరిసిల్ల నుంచి సత్తయ్య అనే ఆసామి నా ఆఫీసుకు వచ్చాడు. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని సొంత షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లను అక్కడ ఆసాములంటారు. విరిగిన సాంచా భాగాలను అతికించే మనిషి కావాలన్నాడు. జైలు నుంచి వచ్చేవాడైతే పర్వాలేదా అని అడిగాను. "అతుకు నిలవడాలె సార్. ఆయినె ఎక్కడికెల్లి అస్తే నాకేంది. మా సాంచాలు మనిషి కత అడుగుతయా?" అన్నాడు. కానీ సత్తయ్య జీతం చేతికిస్తాడు, స్లిప్పు ఇవ్వడు. స్లిప్పు లేని ఉద్యోగం మా లెక్కలో ఉద్యోగం కాదు. చూద్దామని చెప్పి పంపేశాను. గంగరాజానికి ఆ మాట చెప్పనే లేదు.

విడుదలైన గంగరాజం కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాడిలా ఊళ్లో దిగాడు. అత్తరు సీసాలు, టైగర్ బామ్, చాక్లెట్లు, పెద్ద పూల దుప్పటి అన్నీ కోరుట్ల బజారులోనే కొన్నారు. సూట్‌కేసు సర్దుతూ భార్య అన్న మాటను అతనే నాకు నవ్వుతూ చెప్పాడు.

"ఎండల పని చేసి అచ్చినోడు నల్లగైతడు. నువ్వు గింత తెల్లగెట్లయినవని అడిగితే ఏమంటవు?"

"ఏసీల పని అంట."

హైదరాబాద్‌లో కువైట్ కంపెనీ వాళ్లు పనితనం చూడటానికి పెట్టిన ట్రేడ్ టెస్టు మొదటిసారికే పాసయ్యాడు. జైలుకు పోకముందు తీసుకున్న పాస్‌పోర్టు గడువు ఇంకా ఉంది. క్లియరెన్స్ దగ్గర ఆగిపోయింది. జైలు అధికారి చెప్పిందే జరిగింది. ఏజెంటు పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడు.

అప్పటికి సెలవు అయిపోవాల్సిన సమయం దాటింది. గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ని మా పల్లెల్లో రెండో నెల నుంచే తిరిగి ఎప్పుడు పోతావని అడుగుతారు. ఇతన్నీ అడిగారు. ఒక పొద్దున అదే సూట్‌కేసుతో, అందరూ చూస్తుండగా, బస్సెక్కి వెళ్లిపోయాడు. కువైట్ వెళ్లాడని ఊరు అనుకుంది. నాకు మాత్రం ఎక్కడికి వెళ్లాడో తెలియలేదు, వెతకనూ లేదు. ముగింపు నివేదికలో అతని పేరుకు ఎదురుగా "అభ్యర్థి ఆసక్తి చూపలేదు" అని రాశాను. అతనిలాగే క్లియరెన్స్ దగ్గర ఆగిపోయిన మిగిలినవాళ్లకూ అదే రాశాను. మరుసటి ఏడు మా పరిధిలో ఖైదీల శిక్షణకు నిధులు రాలేదు. వాళ్లలో ఆసక్తి లేదన్నదే చూపిన కారణం.

తర్వాత ఏడాదికి ఒక కేంద్రం తనిఖీకి సిరిసిల్ల వెళ్లినప్పుడు సందులో గుడ్డ మూటలు మోస్తూ కనిపించాడు. నన్ను చూసి తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాడు. దగ్గరికి వెళ్లాక తీశాడు.

"నేను కువైట్ల ఉన్న సార్," అన్నాడు.

సిరిసిల్ల కోరుట్లకు బస్సులో రెండు గంటల దూరం. వారానికోసారి బిడ్డకు ఫోన్ చేస్తాడు, వీడియో పెట్టడు. వెనక సాంచాల చప్పుడు వినిపిస్తే కంపెనీ అంటాడు. సత్తయ్యతో మాట్లాడి వెల్డింగ్ పని ఇప్పిస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"మంచి పనోడు అచ్చిండని నలుగురికి ఎర్కైతే కోరుట్ల దాక పోతది సార్. మూటలు మోసేటోని పేరు ఎవలడుగుతరు?"

నేర్పించిన విద్యను దాచుకుంటేనే అతనికి రోజు గడిచే స్థితి తెచ్చింది నేను.

నిరుడు వానాకాలంలో ఫోన్ చేశాడు. బిడ్డ కోరుట్లలో నర్సింగ్ చదువుతోంది. ఒక సాయంత్రం తండ్రితో మాట్లాడుతుండగా గాలివానకు కోరుట్లలో కరెంటు పోయింది. అదే నిమిషంలో ఫోన్‌లో సాంచాల చప్పుడూ ఆగింది. పక్కనున్న స్నేహితురాలిది సిరిసిల్ల. ఆ చప్పుడు సాంచాలదని ఆమె ముందే చెప్పిందట. బిడ్డ "సిరిసిల్లల ఏ గల్లి, బాపూ?" అని అడిగింది. ఇతను గల్లీ పేరు చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, అతను మూటలు మోసే షెడ్డు ముందు నిలబడిందట.

"ఏమంది?" అని అడిగాను.

"కువైట్ గింత దగ్గరున్నదని తెలిస్తె ఐతారం ఐతారం అచ్చేదాన్ని గద బాపూ, అన్నది సార్."

అతను ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. వెల్డింగ్ మళ్లీ మొదలుపెట్టమన్నాను. అలవాటు తప్పిందని, నిలువు ప్లేటు మీద అతుకు జారిపోతోందని చెప్పాడు. ఇది రాస్తానంటే, పేరొద్దు, మిగిలింది రాయుండ్రి అన్నాడు.

జైలులో శిక్షణకు నిధులు అడిగేవారు ఆ పనికి జైలు బయట ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది తెరుచుకోదో ముందు కనుక్కోవాలి. వృత్తిని ఆ తర్వాత ఎంచాలి. స్లిప్పు లేని సిరిసిల్ల షెడ్డును కూడా ఉద్యోగంగానే లెక్కించాలి. ఇక ఆ నివేదిక సంగతి. ఆ బ్యాచ్‌లో ఆసక్తి చూపనివాడు ఒక్కడూ లేడు. ఒక్క ఫోన్ చేయనివాణ్ని నేను.