గిర్నీకి వచ్చిన గులాబి మక్కలు

పాలమూరు కూలీలు వలస వచ్చే ఈ మహానగరంలో, ఫోరస్ రోడ్ పక్క సందులో ఇరవై రెండేళ్లుగా పిండి గిర్నీ నడుపుతున్నాను. మారిన వానలకు తగ్గట్టు పాలమూరు రైతులు పంటలు ఎలా మార్చుకుంటున్నారో వలస కూలీలను అడగడానికి, వాళ్లు అద్దెకుండే ఒంటిగదుల వరస, మా చాల్‌కు రెండుసార్లు సర్వే వాళ్లు వచ్చారు. రెండుసార్లూ నా బెంచీ మీదే కూర్చున్నారు. చప్పుడని నా గిర్నీ ఆపించారు. ఆ ఊళ్ల గింజలు నా చేతిమీదుగానే పోతాయి, నన్ను ఒక్క మాట అడగలేదు. చెప్పబోతే "మీరు రైతు కాదు కదా" అన్నాడొక నీలం చొక్కా ఆయన. అడగకపోయినా చెబుతున్నాను.

2023 వానాకాలం. ఒక మధ్యాహ్నం మా చాల్‌లోనే ఉండే పాలమూరు యాదమ్మ మూటతో వచ్చింది. ఆమె భర్తది సెంట్రింగ్ పని. ఒకప్పుడు ఏటా ఊరి నుంచి జొన్నలు తెచ్చేది, ఆ రోజు మక్కలు, అంటే మొక్కజొన్నలు, తెచ్చింది.

హాపర్‌లో, అంటే గింజలు పోసే గరాటులో, ఏది పోయాలన్నా ముందు గుప్పెడు అరచేతిలో వేసి చూస్తాను. ఈ గింజల మొనల దగ్గర గులాబి రంగు ఉంది. మందు వాసన.

"యాడివి చెల్లె ఇవి?"

"ఇంటియే అన్నా. ఇత్తనాలు మిగిలినయ్. మూడుసార్లు కడిగి ఎండబెట్టిన. జల్ది పట్టు, నల్లా నీళ్లొచ్చే టైమైంది."

"పట్ట. బూజు రాకుండ మందు పూసిన ఇత్తనాలివి. విషం. కడిగితే పోదు."

"అరే, గిర్నీ అన్న డాక్టరైండు!" అని లైన్లో ఆడవాళ్ల వైపు తిరిగి నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. "సగం ఊర్ల మా అత్తకాడున్నయన్నా. నా బిడ్డ గూడ ఆడనే ఉన్నది."

ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టింది.

"అత్తా, ఆ మక్కలు వండినవా?"

"గటక పొయ్యి మీదున్నది. పిల్ల గిన్నె పట్టుకొని కూసున్నది. ఏమాయె?"

"పారబొయ్యి! విషమంట!"

"ఎవడు చెప్పిండే?"

"గిర్నీ అన్న."

"అయితే ఏం తినాల్నో గూడ ఆయన్నే చెప్పమను. రేషన్ బియ్యం ఒడిసినయ్. జొన్నలు ఎయ్యొద్దన్నరు, ఎయ్యలే."

పక్కింట్లో బియ్యం అడగమన్నాను. మక్క రవ్వతో వండిన ఆ గటక పారబోసిన చప్పుడు, వెంటనే పిల్ల ఏడుపు వినిపించాయి.

తర్వాత యాదమ్మే చెప్పింది. వానలు నమ్మడానికి లేదు, జొన్న మాని తక్కువ రోజుల్లో చేతికొచ్చే మక్క వేయమని వ్యవసాయ అధికారి చెప్పాడట. పండినదంతా కోళ్ల దాణాకు పోతుంది. ఇదివరకు జొన్నలో కంది, అనుములు కలిపి చల్లేవాళ్లు. వాన మొహం చాటేసినా ఏదో ఒకటి ఇంటికి వచ్చేది. ఈసారి మొలిచిన మక్క ఎండిపోయింది. మళ్లీ విత్తడానికి తెచ్చిన సంచి, వాన లేక అలాగే మిగిలింది.

నేను నేర్చుకున్నది ఇది. సర్వే కాగితంలో పంట మార్చారా అనే గడి ఉంది, నేను తొంగి చూశాను. మార్చాక ఇంట్లో ఎన్ని నెలలకు తిండి ఉందనే గడి లేదు. మార్చినవాళ్లందరి పేర్ల పక్కన టిక్కు పెట్టి, పని అయిందనుకుని వెళ్లిపోయారు.

జిల్లా వ్యవసాయ కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఏం తినాలని ఆ ముసలామె నన్ను అడిగింది. జొన్న వద్దన్నది నేను కాదు. వద్దన్న అధికారి ఎవరో, పేరు రాసి, సంతకం పెట్టి, ఆమెకు జవాబు చెప్పాలి. ఒక నకలు నాకూ పంపాలి.