కూర్చుని కాపలా కాసిన కుక్క

దగ్గుతున్న కుక్కను భుజాన వేసుకుని, ముసునూరు దగ్గరి మామిడితోట నుంచి నూజివీడు పశువుల ఆసుపత్రి దాకా, మండుటెండలో, ఎక్కడా దించకుండా ఆమడ దూరం మోసుకెళ్లిన మొనగాణ్ణి నేను. అరవైల్లో మాట. ఈ సంగతి నా నోట విననివాళ్లు మా చుట్టుపక్కల లేరు. విన్నవాళ్లలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా.

సరే, మోసింది తోట దడి దాకానే. అక్కడ కాయల బండి ఆగి ఉంటే, గంపల మధ్య గడ్డిలో కూర్చోబెట్టాను. కళ్లు తుడుచుకున్నదీ ఒక్కరే. ఆయనకప్పుడు కళ్లకలక.

ఆ తోటకు నేనూ మా ఆవిడా కాపలా. కుక్క ఎవరిదీ కాదు, మా పాక ముందు ఉండిపోయింది. పేరు పెట్టలేదు. "ఇదిగో" అంటే వచ్చేది. దాన్ని చూసి ఒక కొండముచ్చు దణ్ణం పెట్టిందని చెప్పేవాణ్ణి. పెట్టలేదు.

రసాలు రాలే రోజుల్లో దానికి దగ్గు పట్టుకుంది. మెడ చాచి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గి దగ్గి, చివర్న కాస్త నురగ కక్కేది. నాకు వెంటనే తెలిసిపోయింది: రాలిన పండు తిని ఉంటుంది, టెంక పీచు గొంతులో చిక్కుకుంది. చేపముల్లు గుచ్చుకుంటే మనం ఏం చేస్తాం? ఉత్త అన్నం ముద్ద మింగుతాం. దానికీ పూటకో ముద్ద మింగించాను. తినేది. తోక ఊపేది. దగ్గేది.

"ఏమయ్యా, డాక్టరుకి చూపియ్యరాదూ?" అంది మా ఆవిడ.

"పీచుకి డాక్టరెందుకే? అదే జారుద్ది."

"జారుద్ది జారుద్ది అంటానే ఉన్నావు. దాని డొక్కలు చూడు, ఎట్టా ఎగరేస్తందో."

నిజం చెప్పాలంటే సిగ్గు. ఆ ఆసుపత్రికి గేదెల్ని, ఎద్దుల్ని తోలుకెళ్తారు. నేను ఊరకుక్కను తీసుకెళ్తే కాయలు కోసేవాళ్లు ఊరుకుంటారా? అప్పటికే ఒకడు అడిగాడు, "ఏం బావా, పూటకెన్ని పాలిస్తందేంటి మీ గేదె?" అని.

అన్నం తింటోంది కదా, పరవాలేదనుకున్నాను. ఆ తర్వాత అది పడుకోవడం మానేసింది. ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి కూర్చునే ఉండేది. కునుకొచ్చి తల వాలితే ఉలిక్కిపడి లేచేది. దాన్నీ నేను వదల్లేదు. "చూశారా, మా కుక్క నడుం వాల్చదు. కూర్చునే కాపలా!" అని కాయలు కొనడానికి వచ్చినవాళ్లందరికీ చూపించాను. వాళ్లు మెచ్చుకుంటుంటే అది నా వంక చూసేది.

ముద్ద కూడా ముట్టని రోజున బండెక్కించాను.

డాక్టరుగారు గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. నీలం తిరిగి ఉన్నాయి.

"పడుకుంటుందా?"

"అబ్బే, పడుకోదండీ. కూర్చునే కాపలా కాస్తదండీ."

ఆయన చెవుల్లోంచి గొట్టం తీశారు. "కాపలా కాదయ్యా. పడుకుంటే దానికి ఊపిరాడదు. గుండె చెడి, రొమ్ములో నీరు చేరింది. తింటూ గెంతుతూ రెండు మూడు రోజులు దగ్గితే చూద్దాంలే అనుకోవచ్చు. పడుకోలేక లేచి కూర్చున్నాక మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"వారమండీ" అన్నాను.

సూది వేశారు. బిళ్లలిచ్చారు. ఆశ పెట్టుకోవద్దన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం కాయలు కోసే చిక్కం బాగుచేసుకుంటూ తలెత్తితే, కుక్క చెట్టు నీడన కాళ్లు చాపుకుని, పక్కకు ఒరిగి పడుకుని ఉంది. "ఏమేవ్, పడుకుందే! నెమ్మదించిందే!" అని కేకపెట్టాను. మా ఆవిడ వచ్చింది. వంగి చూసింది. కొంగుతో దాని మూతి మీది ఈగల్ని తోలింది. నా వంక చూడలేదు.

ఇదంతా రాసి ఇవాళ ఆమెకు చదివి వినిపించాను. అన్నీ ఒప్పేసుకున్నాను కదా, ఒక వారం ఆలస్యం చేశానంతే, పీచనుకుని ఎవరైనా అంతే చేస్తారు, అన్నాను.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"వారమేంటి నీ మొహం? అది దగ్గడం మొదలెట్టినప్పుడు చెట్టుకి పూతే ఉంది. కాయే లేదు. ఇంక పీచెక్కడిదయ్యా?"